న్యుమోకాకస్‌లో డీఎన్ఏ అతిపురి, ఔషధ నిరోధకత

స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే అనునది న్యుమోనియా వ్యాధిని కలిగించే బాక్టీరియాలలో ముఖ్యమైనది. దీనిని న్యుమోకాకస్ అని కూడా అంటారు. సాధారణంగా జంటలుగా కనిపించే ఈ సూక్ష్మజీవి ఆరోగ్యవంతుల, ప్రత్యేకించి పసిపిల్లల, ముక్కు వెనుక భాగంలో ఏ బాధా కలిగించకుండా నివసిస్తుంది. అక్కడి నుండి ఊపిరితిత్తులలోకి దిగినపుడు న్యుమోనియా వస్తుంది. రక్తంలోకి గాని మెదడు పొరలలోకి గాని చేరితే ప్రాణాపాయం కలుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో అన్ని రకాల న్యుమోనియాల వలన 5 సంవత్సరాల లోపు పిల్లలు సుమారు 7 లక్షల 40 వేల మంది మరణించారు.

ఈ బాక్టీరియా మందులకు లొంగకపోవడానికి అనేక కారణాలు ఉన్నాయి. వాటిలో ఒకటి డీఎన్ఏకు పురి ఎక్కించే ఎంజైములలో వచ్చే మార్పు. ఈ వ్యాసం ప్రధానంగా దానిని గురించినది.

డీఎన్ఏ అతిపురి

న్యుమోకాకస్ జన్యుపదార్థం వలయాకారంలో ఉండే ఒకే డీఎన్ఏ అణువు. ఇందులో సుమారు 20 లక్షల క్షారజంటలు ఉన్నాయి. దానిని చాపితే సుమారు 0.7 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. కణం మాత్రం మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఇంత పొడవైన దారం అంత చిన్న గదిలో ఇమడడానికి తోడ్పడేవాటిలో అతిపురి ఒకటి. సిరిసిల్ల మరమగ్గాల వద్ద నూలును గమనించినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. బాగా పురి ఎక్కిన పోగును రెండు కొసలా పట్టుకొని కొంచెం వదులు చేస్తే అది తనమీద తానే మెలికలు తిరిగి పొట్టిదవుతుంది.

అయితే నూలు ఉపమానం ఇక్కడితో ఆగిపోతుంది. బాక్టీరియాలో డీఎన్ఏ సాధారణంగా తన సహజమైన పురికంటే కొద్దిగా తక్కువ పురితో ఉంటుంది. దీనిని రుణాత్మక అతిపురి అంటారు. ఇందువలన రెండు పోగులు సులువుగా విడివడతాయి. జన్యువులను చదవడానికీ, డీఎన్ఏ ప్రతిని తయారు చేయడానికీ పోగులు విడిపోవడం తప్పనిసరి.

న్యుమోకాకస్‌లో ఈ పనిని మూడు ఎంజైములు నిర్వహిస్తాయి. గైరేజ్ శక్తిని ఖర్చు చేసి రుణాత్మక పురిని ఎక్కిస్తుంది. టోపోఐసోమరేజ్-1 ఆ పురిని సడలిస్తుంది. టోపోఐసోమరేజ్-4 ముఖ్యంగా కణవిభజన సమయంలో గొలుసు లంకెల వలె చిక్కుకున్న రెండు డీఎన్ఏ వలయాలను విడదీస్తుంది. పురి ఏమాత్రం తప్పినా కణం ఊరుకోదు. స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో అడెలా డి లా కాంపా బృందం 2010లో ప్రచురించిన పరిశోధనలో, నోవోబయోసిన్ అనే మందుతో గైరేజ్‌ను కొంత అణచినపుడు న్యుమోకాకస్ తన గైరేజ్ ఉత్పత్తిని పెంచుకొని పురిని సరిదిద్దుకొన్నట్లు తేలినది. ఈ మార్పుకు స్పందించిన జన్యువులు క్రోమోజోముపై గుంపులు గుంపులుగా ఉండడం ఆ పరిశోధనలో మరొక విశేషం. అనగా పురి కేవలం సర్దుబాటు మాత్రమే కాదు, జన్యువుల పనిని నడిపించే పగ్గం కూడా.

క్వినోలోన్ మందులు

సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ మొదలగునవి ఫ్లోరోక్వినోలోన్లు. వీటి మూలపురుషుడు 1962లో వెలువడిన నాలిడిక్సిక్ ఆమ్లం. గైరేజ్, టోపోఐసోమరేజ్-4 డీఎన్ఏ రెండు పోగులనూ తెంచి, మరొక భాగాన్ని ఆ సందులోంచి దాటించి, తిరిగి అతికిస్తాయి. తెంచిన తరువాత అతకకుండా ఈ మందులు అడ్డుపడతాయి. తెగిన చోట్లు పేరుకొని బాక్టీరియా చనిపోతుంది.

నిరోధకత సాధారణంగా మెట్టుమెట్టుగా వస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ వాడకంలో మొదట టోపోఐసోమరేజ్-4లో 79వ స్థానంలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం మారిపోతుంది. అప్పుడు మందు ప్రభావం కొంత తగ్గుతుంది. తరువాత గైరేజ్‌లో 81వ స్థానంలోని సెరీన్ కూడా మారితే మందు దాదాపు పనికిరాదు. మొదటి మెట్టు ఎక్కిన బాక్టీరియా మామూలు పరీక్షలో మందుకు లొంగేదిగానే కనిపించవచ్చును. ప్రమాదమంతా ఇక్కడే ఉన్నది.

కెనడాలో 1988 నుండి 1997 వరకు ఈ మందుల చీట్లు ఏటా నూరుమందికి 0.8 నుండి 5.5కు పెరిగాయి. అదే కాలంలో ఈ మందులకు సరిగా లొంగని న్యుమోకాకస్ అక్కడ తలెత్తినట్లు 1999లో ప్రచురించబడినది.

ఉత్తర తెలంగాణ

పూర్వపు ఆదిలాబాదు, కరీంనగర్ జిల్లాలు 2016లో పలు జిల్లాలుగా విభజించబడినవి. ఆదిలాబాదు ప్రాంతంలో చలి ఎక్కువ. కట్టెల పొగ, పోషకాహార లోపం పసిపిల్లల న్యుమోనియాకు దోహదం చేస్తాయి. ప్రాణహిత నదికి ఆవలి ఒడ్డున ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు జరిపిన ప్రయోగం ఈ ప్రాంతానికి అతి చేరువలోని ఉదాహరణ. ఆ జిల్లా దక్షిణ కొసన కాళేశ్వరానికి ఎదురుగా ఉన్న సిరొంచలో తెలుగువారు చాలామంది ఉన్నారు. గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు శిక్షణ ఇచ్చి, పిల్లల న్యుమోనియాను గుర్తించి కోట్రైమాక్సజోల్ ఇప్పించగా మరణాలు సగానికి పైగా తగ్గాయని 1990లో వెల్లడించారు. ఆ చవకైన మందుకే న్యుమోకాకస్ తరువాతి కాలంలో భారతదేశంలో విస్తారంగా నిరోధకత పొందినది. ఇది పురి ఎంజైములకు సంబంధం లేని వేరొక మార్గం. ఫోలేట్ తయారీకి తోడ్పడే ఎంజైములు మారడమే దానికి కారణం. ఇప్పుడు పిల్లలకు మొదటి మందుగా అమాక్సిసిలిన్ సిఫారసు చేయబడుతున్నది.

పెద్దల విషయంలో చిక్కు మరొకటి. గోదావరిఖని, మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గుగని ప్రాంతం. దుమ్ముతో దెబ్బతిన్న ఊపిరితిత్తులలో దీర్ఘకాలపు దగ్గు, న్యుమోనియా, క్షయ ఒకదానిని పోలి మరొకటి కనిపిస్తాయి. క్షయ రోగికి న్యుమోనియా అనుకొని లెవోఫ్లాక్సాసిన్ ఇస్తే దగ్గు కొన్నాళ్ళు తగ్గినట్లుండి క్షయ నిర్ధారణ ఆలస్యమవుతుంది. పైగా క్షయ బాక్టీరియాలో టోపోఐసోమరేజ్-4 లేదు, గైరేజ్ ఒక్కటే ఉన్నది. న్యుమోకాకస్‌కు రెండు మెట్లు కావలసిన చోట దానికి ఒక్క మెట్టు చాలు. మొండి క్షయ చికిత్సలో ఈ మందులు కీలకమైనవి కావున చీటీ లేకుండా వీటిని అమ్మడం, రెండు రోజులు వాడి మానివేయడం చిన్న విషయం కాదు.

నదుల సంగతి

హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు వద్ద ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. రోగి రక్తంలో ఉండే మోతాదుకంటే ఇది చాలా ఎక్కువ. అక్కడి నక్కవాగు మంజీరలో, మంజీర కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తాయి. గోదావరి ఆ తరువాతనే ఆదిలాబాదు, కరీంనగర్ ప్రాంతాల మధ్యగా పారుతుంది. కాని న్యుమోకాకస్ నదిలో బ్రతికే జీవి కాదు, మనిషి ముక్కులో బ్రతికేది. కనుక దాని నిరోధకతకు వాగులకంటే మందుల దుకాణాన్నే ముందుగా చూడవలసి ఉంటుంది. వాగులలోని మందు ప్రధానంగా నీటిలో, ప్రేగులలో నివసించే బాక్టీరియాల సమస్య.

కొత్త మార్గాలు

గైరేజ్‌పై కాక టోపోఐసోమరేజ్-1పై పనిచేసే సెకొనియోలిట్సిన్ అనే పదార్థాన్ని మాడ్రిడ్ బృందమే పరిశోధించినది. ఇది ప్రయోగశాల దశలోనే ఉన్నది. న్యుమోకాకస్ టీకా భారతదేశ సార్వత్రిక టీకా కార్యక్రమంలో 2017లో కొన్ని రాష్ట్రాలలో మొదలై, 2021లో దేశమంతటికీ విస్తరించబడినది. దీనిని పిల్లలకు 6వ వారంలోను, 14వ వారంలోను, 9వ నెలలోను ఇస్తారు. ఈ టీకా పనిచేసేది బాక్టీరియా పై తొడుగులోని చక్కెరలపై కావున, లోపల గైరేజ్ మారినా మారకున్నా దాని పనికి అడ్డులేదు.