బాల్యమందలి బెంగయు పెద్దతనపు రోగములును

పసిబిడ్డ తిండి మాని చిక్కిపోయినచో మన యిండ్లలో అవ్వలు "వీడు బెంగ పెట్టుకొన్నాడు" అందురు. రాత్రివేళ ఉలికిపడి లేచి ఒళ్లు వెచ్చబడినచో "దడుపు జ్వరము" అందురు. మనస్సునకు తగిలిన దెబ్బ దేహమునకును తగులునని మన పెద్దలెరుగుదురు. అయితే బిడ్డ మరల ఆటలకు పోగానే ఆ సంగతి ముగిసినదని తలంచుట వాడుక. ఆ బెంగ యేండ్ల తరబడి నిలిచినచో దాని ఫలము నలువది, యేబది యేండ్ల పిమ్మటగూడ కనబడగలదని నేటి వైద్యశాస్త్రము చెప్పుచున్నది. ఆ విషయమును విద్యార్థులకును తలిదండ్రులకును తేటపరచుటయే మా యుద్దేశము.

మొదట దేహము భయమునకెట్లు బదులు చెప్పునో చూతము. త్రోవలో పామును చూచిన బాలుని గుండె దడదడ కొట్టుకొనును, ఊపిరి వేగమగును, అరచేతులు చెమర్చును. మూత్రపిండములపైన టోపీలవలె నుండు రెండు చిన్న గ్రంథులు ఎడ్రినలిన్, కార్టిసాల్ అను రసములను నెత్తురులోనికి విడుచును. వానివలన రక్తపుపోటు హెచ్చును. నెత్తురున చక్కెర పెరుగును. పరుగెత్తుటకు కావలసిన బలము కండరములకు చేకూరును. పాము తొలగిన పిమ్మట ఆ రసములు తగ్గి దేహము శాంతించును. ఇది ప్రాణరక్షణమునకై యేర్పడిన సదుపాయము.

ఆ పాము ఇంటిలోనే యున్నచో నేమగును? త్రాగివచ్చి కొట్టు తండ్రి, నిత్యకలహము, తిట్లు, అవమానము, ఆదరించువారు లేకుండుట, ఇవి ఒకనాటితో పోవునవి కావు. అట్టి యింట బిడ్డ దేహమున భయపు గంట మ్రోగుచునే యుండును. 1936వ సంవత్సరమున హాన్స్ సెల్యే అను శాస్త్రజ్ఞుడు ఎలుకలను పరీక్షించి, చలి, గాయము, అధికశ్రమ మున్నగు వేర్వేరు బాధలు దేహమున ఒకే తీరు మార్పులను కలిగించునని ప్రకటించెను. బాధపడిన యెలుకలలో పైన జెప్పిన గ్రంథులు ఉబ్బెను. కడుపులో పుండ్లు పుట్టెను. రక్షించుటకు వచ్చిన రసములే యెడతెగక పారినచో హాని చేయునవి. గుండెయు రక్తనాళములును అలసిపోవును; రోగములనెదిరించు శక్తి తగ్గును; నిద్ర చెడును. బిడ్డల మెదడు ఇంకను పెరుగుచున్నది గనుక నేర్చుకొను శక్తియు, జ్ఞాపకశక్తియు, కోపమునణచుకొను శక్తియు కుంటుపడవచ్చును.

ఈ విషయమును పెద్దయెత్తున పరిశోధించినవారు అమెరికాదేశపు వైద్యులగు విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా మున్నగువారు. శాన్ డియాగో నగరమున వైద్యపరీక్షకు వచ్చిన వయోజనులను వారి బాల్యమును గూర్చి ప్రశ్నించిరి. మీరు దెబ్బలు తింటిరా? నిందలు పడితిరా? ఇంట త్రాగుబోతులుండిరా? తల్లిని కొట్టగా చూచితిరా? ఇట్టివి ఏడు తెగల కష్టములనుగూర్చి యడిగిరి. 9,508 మంది సమాధానములతో 1998లో తొలి నివేదిక వెలువడెను. అందు సగముకంటె నెక్కువమంది కనీసమొక కష్టమైనను అనుభవించినవారే. నాలుగుగాని అంతకు మించిగాని అనుభవించినవారికి, ఏ కష్టమును ఎరుగనివారికంటె, త్రాగుడు, దిగులురోగము, ఆత్మహత్యాప్రయత్నము మున్నగు ఆపదలు 4 మొదలు 12 రెట్లు అధికముగా కనబడెను. కష్టముల సంఖ్య పెరిగినకొలది హృద్రోగము, క్యాన్సరు, ఊపిరితిత్తుల జబ్బు, కాలేయపు జబ్బు సైతము పెరిగెను. బాధను మరచుటకై పొగత్రాగుట, మద్యపానము అలవరచుకొనుట ఇందుకు ఒక కారణము. దేహమునందలి మార్పులు మరియొక కారణము.

ఇది చదివి ఎవరును నిరాశపడరాదు. ఈ లెక్కలు సమూహమును గూర్చినవిగాని, ఫలానా బిడ్డ నొసటి వ్రాతను చెప్పునవి కావు. హవాయి ద్వీపములలోనొకటియగు కవాయిలో 1955వ సంవత్సరమున పుట్టిన 698 మంది శిశువులను ఎమీ వెర్నరు అను విదుషీమణియు ఆమె తోడివారును పెద్దవారగువరకు కనిపెట్టి చూచిరి. పేదరికము, కలహము మున్నగు పెక్కు కష్టముల నడుమ పెరిగినవారిలో మూడవవంతు మంది సమర్థులును దయగలవారునైన స్త్రీపురుషులైరి. వారికి నమ్మదగిన పెద్దలు తోడుగా నుండిరి. కొందరికి అమ్మమ్మయో తాతయో, కొందరికి పొరుగింటివారు, కొందరికి పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు ఆ తోడైరి. భయపడిన బిడ్డను దగ్గరకు తీసికొను చేయి ఉన్నచో ఆ గంట ఆగును. దేహము శాంతించుట నేర్చుకొనును.

కనుక తలిదండ్రులకును తోడి ఉపాధ్యాయులకును మా మనవి యిది. తరగతిలో కునుకుపాట్లు పడువాడు, చేయెత్తినంతనే ఉలికిపడువాడు, బడి విడిచినను ఇంటికి పోవుటకు జంకువాడు, వీరందరు సోమరులని వెంటనే నిర్ణయింపకుడు. ఏమైనదని ఒంటరిగా, మెల్లగా అడుగుడు. "మొక్కై వంగనిది మానై వంగునా" అను సామెతను బెత్తమునకు సాక్ష్యముగా చూపువారు కలరు. మొక్కను వంచుటకు ఊతకర్రయు నీరును చాలును; విరిచినచో అది మానే కానేరదు. పాఠశాలలలో పిల్లలను కొట్టుటయు, మనస్సు నొప్పించి వేధించుటయు 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. ఆ చట్టము వెనుక వైద్యశాస్త్రపు సాక్ష్యము కూడ కలదని గ్రహింతుముగాక.

విద్యార్థులారా, పరీక్షకు ముందు గుండె కొట్టుకొనుటనుజూచి భయపడకుడు. కొలదిసేపుండి పోవు అట్టి కలవరము మిమ్ము మేల్కొలుపునదేకాని చెరుపునది కాదు. కాని ఇంటగాని బయటగాని నిత్యము మిమ్ము వణికించు బాధ యున్నచో దానిని దాచుకొనవలదు. అది మీ తప్పు కాదు. నమ్మిన పెద్దవారికి చెప్పుడు. ఒకరు వినకున్న మరియొకరికి చెప్పుడు. ఏ వేళనైనను రుసుము లేకుండ 1098 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. ఇక పెద్దలమగు మనము, బిడ్డ చెప్పుకొనవచ్చిన దినమున చేతిలోని పని ప్రక్కకు పెట్టి వినవలెను. ఆనాడు మనము వినిన మాట, ఏబదియేండ్ల తరువాత ఒక గుండెకు మేలు చేయగలదు.