నీళ్ళు చెక్కిన రాతి గొంది

మా కొండాపూర్‌లో ఏ అపార్ట్‌మెంటుకెళ్ళినా అమెరికాలో పిల్లలో, తోబుట్టువులో ఉన్న ఇల్లు ఒకటైనా ఉంటుంది. వాళ్ళు పంపే ఫోటోల్లో ఒకటి మీరూ చూసే ఉంటారు. నారింజరంగు రాతిగోడలు పట్టుచీర కుచ్చిళ్ళలా మడతలు పడి ఉంటాయి. పైన సన్నని సందులోంచి వెలుగు జారుతుంటుంది. అదే ఆరిజోనా ఎడారిలోని యాంటిలోప్ కేన్యన్.

అది నవాహో తెగవారి నేల. గైడు వెంట లేనిదే లోపలికి పోనివ్వరు. అక్కడ ఎగువ లోయ, దిగువ లోయ అని రెండున్నాయి. ఎగువ లోయకి వాళ్ళ భాషలో ఉన్న పేరుకి 'రాళ్ళలోంచి నీళ్ళు పారే చోటు' అని అర్థం. చుక్క నీరు కనబడని చోట ఆ పేరేమిటంటారా? వానలప్పుడు ఉన్నట్టుండి వచ్చే వరద ఇసుకని మోసుకొస్తుంది. ఆ ఇసుకే సానమీద గంధపుచెక్కని అరగదీసినట్టు మెత్తని ఇసుకరాతిని అరగదీసి ఈ గొందిని చెక్కింది.

ఫీనిక్స్‌లో మా అక్కయ్యావాళ్ళింటికి వెళ్ళినప్పుడు, నాలుగున్నర గంటలు కార్లో ప్రయాణించి, దిగువ లోయ చూద్దామని చేరాం. ఎండ మాడ్చేస్తోంది. "ఇవాళ దింపం, ఎగువన మబ్బు పట్టింది" అన్నాడు గైడు. "ఇంత ఎండలో వరదేమిటి?" అని మా వారు విసుక్కున్నారు.

కారణం తెలిశాక ఆయన మరి మాట్లాడలేదు. 1997 ఆగస్టు 12న ఆ లోయలోనే 11 మంది యాత్రికులు వరదలో కొట్టుకుపోయారు. వాళ్ళతో ఉన్న గైడు ఒక్కడే బతికాడు. వాన కురిసింది వాళ్ళ నెత్తిన కాదు, మైళ్ళ అవతల ఎగువన. అప్పటి చెక్కనిచ్చెనలు కొట్టుకుపోయాయి. ఇప్పుడు ఇనుప మెట్లు బిగించారు. వాతావరణ కబుర్లు చూసుకునే మనుషుల్ని దింపుతున్నారు.

మా అమ్మమ్మ వాగు దాటేముందు "నెత్తిమీద మబ్బు కాదే, ఎగువన మబ్బు చూడాలి" అనేది. ఎడారిలో గైడు చెప్పిందీ అదేగా!

మర్నాడు దిగాం. బ్యాగులు, ట్రైపాడ్లు తేనివ్వరు కాబట్టి చేతిలో ఫోనే గతి. ఫ్లాష్ ఆపేయండి. గోడనుంచి గోడకి పాకే వెలుగే అక్కడి అందం, ఫ్లాష్ దాన్ని చంపేస్తుంది. ఫోటోలో ఆకాశం పడనివ్వకండి. పడిందా, అక్కడ తెల్లగా, మిగతాదంతా నల్లగా వస్తుంది. లైటు వేసినట్టు కిందికి దిగే కిరణం కావాలంటే వేసవి మధ్యాహ్నం ఎగువ లోయకి వెళ్ళాలి.

అంతదూరం పోనక్కర్లేదు, మన కడప జిల్లా గండికోటలో పెన్న చీల్చిన లోయ చూసినా రాతిమీద నీటి బలం తెలుస్తుంది. ఎక్కడైనా సరే, పిల్లల్ని వాగులోకి దింపేముందు ఎగువన వానుందేమో ఊరివాళ్ళనడగండి. నీళ్ళు హఠాత్తుగా బురదరంగు తిరిగినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొచ్చినా, హోరు వినబడినా ఫోటో సంగతి వదిలేసి ముందు గట్టెక్కండి.