పంటి వేరు గట్టిపడేదెట్లా? పాలలోని ఎంజైముకు దానితో సంబంధమేమి?

పెద్దకొడప్‌గల్ వైపు సంఘాల తనిఖీకి వెళ్ళినపుడు ఒక పెద్ద సభ్యుడు మమ్ములను ఇట్లా అడిగినారు: "సారూ, పాలు కాగబెడితే పండ్లకు బలమిచ్చే సత్తువ చచ్చిపోతదంటరు, నిజమేనా?" ఆయన మనుమడికి నాలుగేండ్లకే ముందరి పాలపన్ను ఊడింది. పచ్చిపాలు తాగించమని ఎవరో చెప్పినారట. అక్కడ క్లుప్తంగా జవాబు చెప్పి వచ్చినాము గాని, ఈ సందేహం చాలామందికి ఉన్నట్లు తోచి వివరంగా వ్రాస్తున్నాము.

ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. పచ్చిపాలలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఉంటుంది. కాగబెడితే అది నశిస్తుంది. పంటి వేరు తయారీలో పనిచేసేది కూడా ఆ జాతి ఎంజైమే. అయితే పాలలోనిది తాగితే పంటికి చేరదు.

బర్రెను కొనేటప్పుడు మనం నోరు తెరిచి కింది దవడ చూస్తాము. సుమారు మూడేండ్లకు మొదటి జత పాలపండ్లు పోయి పెద్దపండ్లు వస్తే "రెండు పండ్ల మీద ఉంది" అంటాము. మనకు కనబడేది పైభాగం మాత్రమే. పశువుకైనా మనిషికైనా ముందు తయారయ్యేది అదే. పన్ను బయటికి వచ్చేనాటికి వేరు ఇంకా పూర్తికాదు, ఆ తరువాత కూడా దవడలోకి దిగుతూనే ఉంటుంది.

వేరు లోపలి భాగాన్ని డెంటిన్ అంటారు. దానిమీద సిమెంటం అనే పలుచని గట్టి పొర ఉంటుంది. పంటిని దవడ ఎముకకు కట్టి ఉంచే సన్నని నారపోగులకు ఒక కొస ఈ పొరలో, రెండో కొస ఎముకలో నాటుకొని ఉంటుంది. పశువును పలుపుతో గుంజకు కట్టినట్లే. ఆ పొర లేకపోతే పోగులకు పట్టు దొరకదు, పన్ను ఎంత గట్టిదైనా ఊడిపోతుంది.

పొరను గట్టిపరచేవి కాల్షియం, ఫాస్ఫేటు. ఇవి రక్తంలో ఎప్పుడూ ఉండేవే. మరి శరీరమంతా రాయిగా మారదెందుకు? పైరోఫాస్ఫేట్ అనే పదార్థం అడ్డుపడుతుంది గనుక. రెండు ఫాస్ఫేట్లు జంటగా కలిస్తే పైరోఫాస్ఫేట్ అవుతుంది. అది కొత్త స్ఫటికానికి అంటుకొని దాన్ని పెరగనీయదు. ఈ సంగతిని 1960ల తొలినాళ్ళలో హెర్బర్ట్ ఫ్లీష్ అనే స్విస్ వైద్యుడు, ఆయన సహచరులు బయటపెట్టినారు. వేరు దగ్గరి కణాల పైపొరమీద ఉండే ఫాస్ఫటేజ్ ఈ జంటను విడగొడుతుంది. దాంతో అడ్డు తొలగుతుంది, విడిపోయిన ఫాస్ఫేటు కూడా పనికి వస్తుంది. దీనికి ఎదురుగా పైరోఫాస్ఫేటును తయారుచేసే ఎంజైము మరొకటి ఉన్నది. అది లోపించిన ఎలుకలలో సిమెంటం విపరీతంగా మందమైంది. ఈ రెండింటి తూకం కుదిరినపుడే వేరు గట్టిపడుతుంది, పక్కనే ఉన్న పోగులు మెత్తగా మిగులుతాయి.

ఎముక గట్టిపడటానికి ఫాస్ఫటేజ్‌కు సంబంధం ఉన్నదని 1923లో లండన్‌లో రాబర్ట్ రాబిసన్ మొదట చెప్పినారు. అది ఫాస్ఫేటును అందిస్తుందని మాత్రమే ఆయన తలచినారు, అడ్డు తీసే సంగతి తరువాత తెలిసింది. ఇటువంటి పనిలో ఫాస్ఫేటును కొలవక తప్పదు. నీలిరంగు చిక్కదనాన్నిబట్టి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ప్రకటించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. ప్రయోగశాలలు దానిని దశాబ్దాలపాటు వాడినవి.

ఇక పాల సంగతి. 1930లలో ఇంగ్లండులో కే, గ్రాహం అనేవారు ఈ ఎంజైమునే పాశ్చరీకరణ పరీక్షగా మార్చినారు. క్షయ క్రిమి కంటే ఇది వేడికి కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. పాలను 72 డిగ్రీల వద్ద 15 సెకండ్లు వేడిచేస్తే క్రిమితోపాటు ఇదీ పోతుంది. నేటి డెయిరీ పరీక్షలో మందు కలిపిన పాలు పసుపురంగుకు తిరిగితే ఎంజైము మిగిలిందన్నమాట, అంటే వేడి చాలలేదు లేదా పచ్చిపాలు కలిసినవి.

ఎంజైము మాంసకృత్తు. తాగితే కడుపులో పప్పు మాదిరిగానే అరిగిపోతుంది. పంటికి కావలసినదాన్ని అక్కడి కణాలే తయారు చేసుకుంటాయి. కాగబెట్టినందువల్ల పాలలోని కాల్షియం, భాస్వరం ఎక్కడికీ పోవు. పచ్చిపాలతో మాత్రం క్షయ, పశువులు ఈసుకుపోయేటట్లు చేసే బ్రుసెల్లా ఇంట్లోకి రావచ్చును. పచ్చిపాల సలహా ఇచ్చినవారు ఈ మాట చెప్పలేదు!

మనుమడి విషయం అంత తేలికగా తీసుకోవలసినది కాదు. పాలపండ్లు మామూలుగా ఆరేండ్ల ప్రాంతంలో ఊడుతాయి. అప్పటికి వేరు కరిగిపోయి పన్ను టోపీలాగా వస్తుంది. అయిదేండ్లు నిండకముందే, దెబ్బ తగలకుండా, వేరు వేరుగానే ఊడి వస్తే ఈ ఎంజైము పుట్టుకతోనే లోపించి ఉండవచ్చును. అరుదైన ఈ జబ్బుకు 1948లో కెనడాలో రాత్‌బన్ అనే వైద్యుడు హైపోఫాస్ఫటేసియా అని పేరు పెట్టినారు. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పరీక్షతో అనుమానం పట్టుబడుతుంది. పిల్లలలో ఇది పెద్దలకంటే ఎక్కువ ఉండటం సహజం గనుక ఫలితాన్ని ఆ వయసు లెక్కతోనే పోల్చమని అడగాలి. కాల్షియం, డి విటమిన్ మందులు సొంతంగా వేయరాదు, ఈ జబ్బులో కొందరికి అవి కీడు చేస్తాయి. లోపించిన ఎంజైమును సూదిమందుగా ఇచ్చే చికిత్సకు 2015లో జపాన్, అమెరికాలు అనుమతి ఇచ్చినవి. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ.

ఊడిన పన్నును ఇంటి కప్పుమీదికి విసిరివేయకుండా కాగితంలో చుట్టి, పిల్లవానితోపాటు దంతవైద్యుని వద్దకు తీసుకొని పోవలెనని ఆ పెద్దమనిషికి చెప్పి వచ్చినాము.