మీకు తెలుసా? తెర మీది బైపోలార్, ఇంట్లో బైపోలార్

సీరియల్లో బైపోలార్ మనిషి పొద్దున పకపకా నవ్వుతాడు, మధ్యాహ్నం గిన్నెలు విసురుతాడు, రాత్రికి వెక్కివెక్కి ఏడుస్తాడు. అసలు జబ్బు నడిచే తీరు వేరు: ఉద్రేకం (మేనియా), కుంగుబాటు విడతలుగా వస్తాయి. మేనియా అని డాక్టర్లు తేల్చాలంటే మామూలుగా ఆ ఉద్రేకం కనీసం వారం పాటు నిలవాలి. కుంగుబాటుకైతే రెండు వారాలు. ఏడాదిలో నాలుగు విడతలు వస్తేనే చాలా వేగమని లెక్క. విడతకూ విడతకూ నడుమ నెలలు, ఒక్కోసారి ఏళ్లు, మనిషి మామూలుగా ఉంటాడు. పొలం చేస్తాడు, పిల్లల ఫీజులు కడతాడు. ఆ రోజులు తెరకెక్కవు. నా ఫిర్యాదు ముఖ్యంగా దాని మీదే.

మేనియా మొదలైతే అద్దంకి చుట్టుపక్కల ఊళ్లలో ఎలా ఉంటుందో ఊహించండి. మనిషి రెండు మూడు గంటలే నిద్రపోతాడు, అయినా అలసట ఉండదు. మాట మీద మాట. ఈ ఏడు మిర్చి రేటు ఆకాశాన్నంటుతుందని, మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పదెకరాలు కౌలుకు పడతాడు. చూసినవాళ్లు ‘భలే హుషారుగా ఉన్నాడే’ అంటారు. కొట్టడం, అరవడం లేనందున ఎవరికీ జబ్బని తోచదు. నిద్ర తగ్గడమే తొలి హెచ్చరిక అన్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలిస్తే ఆ అప్పు పత్రం మీద సంతకం పడకముందే ఆపవచ్చు.

మన ప్రేక్షకుల్లో చాలామంది ఈ పేరు మొదట విన్నది 2012లో తెలుగులోకి కూడా వచ్చిన ధనుష్ సినిమా ‘3’ వల్ల. తీవ్రమైన దశలో లేనివి కనిపించడం, వినిపించడం నిజంగానే ఉంది. కథానాయకుడు భార్యకు చెప్పకుండా దాచడమూ నిజమే, మన ఇళ్లలో జరిగేదే. కానీ ఆ కథలో కోలుకునే దారి కనపడదు. చికిత్సతో నిలదొక్కుకున్నవాళ్లు ఎందరో ఉండగా, చావునే ముగింపుగా చూపడం నాకు బాధ కలిగించింది.

అమెరికన్ సీరియల్ ‘హోమ్‌ల్యాండ్’ (2011–2020) కొన్నిచోట్ల మేలు. గూఢచారి క్యారీ మందులు మింగుతుంది, ఉద్యోగం పోతుందని జబ్బు దాస్తుంది. అయితే 2015లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో, బుర్ర చురుగ్గా పనిచేయాలని కావాలనే మందులు మానేస్తుంది. మందు ఆపితే తెలివి పెరుగుతుందన్న ఈ భ్రమ చాలా ప్రమాదకరం. మళ్లీ విడత రావడానికి మందులు మానడం పెద్ద కారణం.

బ్రిటిష్ సీరియల్ ‘ఈస్ట్‌ఎండర్స్’ తల్లికీ కూతురికీ ఇదే జబ్బు చూపింది. వంశపారంపర్యం ఉన్న మాట నిజమే, కానీ అమ్మకో నాన్నకో ఉన్నంత మాత్రాన బిడ్డకు వచ్చి తీరదు. ఆ అవకాశం సుమారు పదింట ఒకటి. పెళ్లి సంబంధాలు తెగ్గొట్టేవాళ్లు ఈ అంకె వినాలి.

చికిత్సనూ తెర వంకరగానే చూపుతుంది. అక్కడ కరెంటు షాక్ అంటే తరచూ కట్టేసి, అరుపుల మధ్య ఇచ్చేది. మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా అది చేయడం నిషేధం.

చెప్పుకోవాల్సిన ఇంకో సంగతి లిథియం అనే మందు. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ మేనియాకు దీన్ని వాడి చూశారు. నేటికీ ఇది ముందు వరుసలోనే ఉంది. రక్తంలో మోతాదు, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు క్రమంగా చేయించాలి. ఎండల్లో మిరపకాయల కోతలకు వెళ్లేవాళ్లకు ఇంకో జాగ్రత్త: చెమటకు ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులో కొనే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బిళ్లలూ అదే పని చేస్తాయి. చేతులు బాగా వణికినా, వాంతులైనా, తూలినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నిర్వహించిన 2015–16 జాతీయ సర్వే ప్రకారం దేశంలో బైపోలార్ ఉన్నవారిలో సుమారు 70 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఎవరిని అడగాలో తెలియనివాళ్లు 14416కు ఫోన్ చేయవచ్చు. అది కేంద్రం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్. ఫోన్ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.