పరదేశపు ప్రతివాదిపై మనయూర వ్యాజ్యము

పల్నాటి ప్రత్తిచేలకును, గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరపతోటలకును నేడు జల్లుచున్న పురుగుమందులలో పెక్కింటికి పుట్టినిల్లు పరదేశము. మందు జల్లిన కూలివానికి ప్రాణహాని కలిగినను, పైరు మాడిపోయినను, ‘కంపెనీ సముద్రముల కావల నున్నది, మనమేమి చేయగలము?’ అను మాటయే మొదట వినవచ్చును. ఇంటి యజమాని గతించినచో ఆ మాట వినవలసినది ఇల్లాలే. కావున ఈ విషయము వకీళ్లకే తగినదని మనము తోసిపుచ్చరాదు.

1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 20వ సెక్షను ననుసరించి, ప్రతివాది నివసించుచోట గాని వ్యాపారము చేయుచోట గాని మాత్రమే కాక, వ్యాజ్యకారణము పూర్తిగానో కొంతమాత్రమో పుట్టినచోట కూడ దావా వేయవచ్చును. హాని నరసరావుపేట చెంత జరిగెనేని, ప్రతివాది పరదేశి యగుటచేతనే అచ్చటి న్యాయస్థానము తన యధికారమును గోల్పోదు. మరియొక విశేషము: నేల స్థిరాస్తియే యైనను, నిలిచియున్న పైరును ఆ కోడు చరాస్తిగా నెంచినది. శరీరమునకైనను చరాస్తికైనను కలిగిన హానిని గూర్చి, హాని జరిగినచోటనో, ప్రతివాది యున్నచోటనో, వాది కోరినట్లు దావా వేయుటకు 19వ సెక్షను అవకాశ మిచ్చుచున్నది.

అయినను అధికార ముండుట వేఱు, ఫలము చేతికందుట వేఱు. 1984 డిసెంబరులో భోపాలు నగరమున విషవాయువు వేలాది ప్రాణములను బలిగొన్నది. బాధితుల పక్షమున మన ప్రభుత్వము అమెరికా కంపెనీ యగు యూనియన్ కార్బైడుపై న్యూయార్కులో వ్యాజ్యము వేయగా, ఈ విచారణకు భారతదేశమే తగినచోటని 1986లో అచ్చటి న్యాయమూర్తి దానిని త్రోసివేసెను. భారత న్యాయస్థానముల యధికారమునకు కంపెనీ లోబడవలెనని మాత్రము షరతు విధించెను. తుదకు 1989లో మన సుప్రీముకోర్టు ఎదుట 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరినది. అది చాలదన్న ఆవేదన బాధితులకు తీరలేదు.

మన రాష్ట్రముననే 2020 మే 7వ తేదీ వేకువను విశాఖపట్టణము చెంత వెంకటాపురములో ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను వాయువు వెలువడి పండ్రెండుగురు మరణించిరి. దాని యజమాని దక్షిణ కొరియాలోని కంపెనీ. అయినను, కర్మాగారము మన నేలపై నుండుటచే, మఱునాడే జాతీయ హరిత ట్రిబ్యునలు 50 కోట్ల రూపాయలు ముందుగా జమచేయుమని దానిని ఆజ్ఞాపించెను. ప్రతివాది ఆస్తి మన చేరువ నున్నచో తీర్పు ఎంత త్వరగా కాలూనునో దీనివలన తెలియుచున్నది. ఆస్తి యంతయు విదేశమున నున్నచో, ఇచ్చట గెలిచిన డిక్రీని అచ్చటి న్యాయస్థానము అంగీకరించి అమలు జరుపవలసి యుండును.

అందుచేతనే కొందరు ప్రతివాది గుమ్మముననే వ్యాజ్యము పెట్టుదురు. 2017లో మహారాష్ట్రమందలి యవత్మాలు ప్రత్తిపొలములలో మందు జల్లుచు విషము సోకిన రైతులలో, మరణించినవారి భార్యలిరువురును, బ్రదికిన రైతొకడును, 2021లో స్విట్జర్లాండునందలి బాసెలు నగరమున సింజెంటాపై దావా వేసిరి. కంపెనీ బాధ్యతను నిరాకరించెను. ఇద్దరు పల్లెటూరి వితంతువుల మొర అంతదూరము చేరుట సామాన్యము గాదు.

మన కింకను చేరువ దారి యొకటి గలదు. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణచట్టము ననుసరించి, ఫిర్యాదిదారు తాను నివసించు జిల్లాయందే కమిషనును ఆశ్రయింపవచ్చును. కొన్నవాడే కాక, అతని యనుమతితో వస్తువును వాడినవాడును వినియోగదారుడే. విత్తనములు కొన్న రైతు సైతము వినియోగదారుడేయని, ఆంధ్రప్రదేశ్ రైతుల వ్యాజ్యములో 2012లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. గడువు మాత్రము రెండేండ్లే.

కావున కొనుగోలు రసీదును, పేరు చీటీ చెడని మందుడబ్బాను, వైద్యశాల కాగితములను పదిలపరచుట మన చేతిలోని పని. ఆ డబ్బాను కడిగి నీళ్లకు వాడుకొనుట ప్రాణాపాయము. పారవేసితిమా, సాక్ష్యము నశించును. పిల్లల చేతికందని చోట దానిని మూతపెట్టి దాచుడు. సముద్రము దాటిపోయిన లాభమునకు లెక్కలు వ్రాయువారు అచ్చట నున్నారు. ఇచ్చట మిగిలిన నష్టమునకు లెక్క వ్రాయవలసినవారము మనమే.