అహోబిలం నుంచి ముక్తినాథ్ దాకా, అద్దె సైకిల్ మీద

నూట ఎనిమిది వైష్ణవ దివ్యదేశాల్లో ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవి రెండే: తిరుమల, అహోబిలం. నేపాల్‌లో ఉన్నది ఒకటే. పాశురాల్లో దాని పేరు సాలగ్రామం, యాత్రికుల నోట ముక్తినాథ్. అహోబిలాన్నీ సాలగ్రామాన్నీ కూడా పాడిన ఆళ్వారు తిరుమంగై. ఆళ్లగడ్డ, నంద్యాల చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏటా ముక్తినాథ్‌కు వెళ్లొచ్చేవాళ్లు ఉంటారు. జీపులో ఎక్కి, 108 ధారల కింద వణుకుతూ మునిగి, మళ్లీ జీపులోనే దిగిపోతారు. వాళ్లలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ గుడి నుంచి కిందికి దిగే దారులు ప్రపంచంలోని మౌంటెన్ బైకర్లు డబ్బు పోగుచేసుకుని మరీ వచ్చేవి. ఈ మధ్య మన కుర్రాళ్ల చేతుల్లోకి గేర్ సైకిళ్లు వచ్చాయి కాబట్టి, ఆ లోయను జీపు కిటికీలోంచి మాత్రమే చూసి రావడం ఇక ఎందుకు?

విదేశంలో కొండ సైకిల్ యాత్ర అనగానే కెనడాలోని విస్లర్, న్యూజిలాండ్‌లోని రోటొరువా గుర్తొస్తాయి. వీడియోల్లో కనిపించేవి అవే. వాటిలో లోపమేమీ లేదు గానీ, మొదటి యాత్రకు వీసా రుసుమూ విమానం టికెట్టూ కలిపి ఇంటి బడ్జెట్టును తలకిందులు చేస్తాయి. నేపాల్ అలా కాదు. 1950 నాటి ఒప్పందం పుణ్యమా అని భారతీయులకు అక్కడ వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లాలంటే పాస్‌పోర్టో, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డో ఉంటే చాలు. ఇక్కడ చాలామంది బోల్తాపడే విషయం ఆధార్. పదిహేనేళ్లు దాటి అరవై ఐదు లోపున్న వాళ్లకు విమానాశ్రయంలో అది చెల్లదు. రైలు ప్రయాణం ఇష్టపడేవాళ్లకు సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్‌కు నేరుగా బండి ఉంది. అక్కడి నుంచి బస్సులో సునౌలీ సరిహద్దు, అవతల భైరహవా, ఆపైన కొండల మధ్య రోడ్డు మీద పోఖరా. రూపాయి లెక్క కూడా సులువే: 1993 నుంచి మన 1 రూపాయికి వాళ్ల 1.60. పెద్ద నోట్ల విషయంలో మాత్రం రెండు దేశాల నిబంధనలూ మారుతుంటాయి. బయల్దేరే వారం ఒకసారి కనుక్కుని, వంద రూపాయల నోట్లు ఎక్కువగా పెట్టుకోవడం మంచిది.

అసలు చిక్కు సైకిల్‌తోనే. సొంత సైకిల్ విప్పి, అట్టపెట్టెలో సర్ది, విమానంలో వేసి తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. విమానం మారిన చోటల్లా ఆ పెట్టె తమతోపాటే వస్తోందా అని బెంగ. ఒకే ఒక లోయ తిరగడానికి ఇంత తతంగం దండగ. పోఖరాలోనూ కాఠ్‌మండూలోనూ మంచి సైకిళ్లు అద్దెకిచ్చే కొట్లు ఉన్నాయి, గైడ్లూ దొరుకుతారు. అయితే అన్నీ అద్దెకు తీసుకోకూడదు. ఒంటికి తగిలే ప్రతిదీ సొంతదై ఉండాలి, నేలకు తగిలేదంతా అద్దెది కావచ్చు.

ఒంటికి తగిలేవాటిలో మొదటిది హెల్మెట్. దాని లోపలి నురుగు ఒక్క గట్టి దెబ్బకే పని ముగించేస్తుంది, పైపెంకు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. అద్దె హెల్మెట్ ఎన్నిసార్లు నేలను తాకిందో ఇచ్చేవాడికే తెలియదు. తర్వాత చేతి గ్లౌజులు, లోపల మెత్త కుట్టిన షార్ట్స్, గట్టి అడుగున్న బూట్లు, మోకాలి కవచాలు. పెడళ్లు కూడా వెంట తీసుకెళ్లొచ్చని చాలామందికి తట్టదు. మౌంటెన్ బైకులన్నిటికీ పెడల్ మర సైజు ఒకటే, ఏ దేశంలోనైనా పడుతుంది. ఎడమవైపు దానికి మర తిరగబడి ఉంటుందని గుర్తుంటే చాలు, అయిదు నిమిషాల పని. ఇనుప మొనలున్న వెడల్పాటి పెడళ్లు బూటును జారనివ్వవు. అలవాటైన పెడల్ ఉంటే పరాయి సైకిల్ సగం సొంతదైనట్టే. ఇవన్నీ కలిపినా ఒక బ్యాగు నిండదు. పానాలు, స్క్రూడ్రైవర్లు ఉన్న టూల్ కిట్టు మాత్రం చెకిన్ సామానులో వేయాలి, చేతి బ్యాగులో ఉంటే భద్రతా తనిఖీలో వదులుకోవాల్సి వస్తుంది. గాలి కోసం గ్యాస్ గొట్టాల జోలికి పోకుండా చిన్న చేతిపంపు పెట్టుకుంటే ఎవరూ ఆపరు.

సైకిల్ ఎంచుకునేటప్పుడు కొట్టువాడు మొదట అడగాల్సింది ఎత్తు, బరువు. అడగకపోతే ఆ కొట్టు దిగి వచ్చేయొచ్చు. ఐదడుగుల ఆరంగుళాల మనిషికి మామూలుగా మీడియం ఫ్రేము సరిపోతుంది, కానీ కంపెనీని బట్టి తేడా ఉంటుంది. కాళ్ల మధ్య ఫ్రేమును పెట్టుకుని నిలబడితే కనీసం రెండంగుళాల ఖాళీ మిగలాలి. ముందు మాత్రమే షాకబ్జార్లున్న సైకిల్ తేలికగా ఉంటుంది, ఎక్కుడు సులువవుతుంది. ముందూ వెనకా ఉన్నది రాళ్ల దిగుడులో నడుమును కాపాడుతుంది. ముక్తినాథ్ లాంటి చోట, ఎక్కడమంతా జీపుకు వదిలేసి దిగడమే పనిగా పెట్టుకుంటే రెండోదే మేలు. షాకబ్జార్లలో ఎక్కువగా ఉండేది గాలే. మనిషి బ్యాగుతో సహా ఎక్కి కూర్చున్నప్పుడు అవి తమ మొత్తం కదలికలో పాతిక నుంచి ముప్పై శాతం దాకా కుంగేట్టు కొట్టులోనే చిన్న పంపుతో సరిచేయించుకోవాలి. ముందు రోజు తీసుకెళ్లిన తొంభై కిలోల పర్యాటకుడి గాలితో అరవై కిలోల మనిషి దిగితే చక్రాలు నేలను పట్టుకోకుండా ఎగురుతుంటాయి.

ఇక బ్రేకులు. ఇక్కడ కాస్త నిలబడి మాట్లాడుకోవాలి. మన ఊళ్లలో తొక్కే సైకిళ్లకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. అమెరికాలో, యూరప్‌లోని చాలా దేశాల్లో ముందు చక్రం బ్రేకు ఎడమచేతి కింద ఉంటుంది. నేపాల్ అద్దె కొట్లలో రకరకాల దేశాల నుంచి వచ్చిన సైకిళ్లు పక్కపక్కనే నిలబడి ఉంటాయి కాబట్టి రెండు పద్ధతులూ కనిపించొచ్చు. ఏళ్లుగా అలవాటైన చెయ్యి ఆపద వేళ ఆలోచించదు. ఏటవాలు దిగుడులో వెనక బ్రేకు అనుకుని ముందు బ్రేకు బిగిస్తే మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి ముందుకు పడతాడు. కొట్టు ముందే చక్రం లేపి ఏ లీవరు ఏ చక్రానిదో చూసుకోవాలి. అలవాటుకు తిరగబడి ఉంటే మార్చమని అడగాలి, హైడ్రాలిక్ బ్రేకుల్లోనూ అది చేయగలిగే పనే. బ్రేకు ప్యాడ్ల మందం, ముందు వెనక టైర్ల గంట్లు, వదులైన స్పోకులు, గేర్లన్నీ వరసగా పడుతున్నాయా అన్నదీ చూసి, కనీసం అరగంట వీధుల్లో తొక్కాకే డబ్బు కట్టాలి. ఉన్న గీతలన్నీ ఫోనులో వీడియో తీసి, కొట్టు యజమాని ఎదుటే వాళ్ల నంబరుకు పంపితే తిరిగిచ్చేటప్పుడు మాటా మాటా పెరగదు. డిపాజిట్‌గా నగదు ఇవ్వాలే గానీ పాస్‌పోర్టు, ఓటరు కార్డు అసలువి వదిలి రాకూడదు. వెనక గేర్లు పట్టి ఉంచే చిన్న లోహపు కొక్కెం ఒకటి ఉంటుంది, దాన్ని హ్యాంగర్ అంటారు. సైకిల్ ఒరిగి పడితే మిగతావి విరగకుండా ముందు అదే విరిగేట్టు చేస్తారు. ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం కాబట్టి దారిలో దొరకదు. అదనపుది ఒకటి కొట్టులోనే అడిగి తీసుకోవాలి.

ముక్తినాథ్ ఎత్తు దాదాపు 3,700 మీటర్లు. పోఖరా 800 పైచిలుకు. దారిలో వచ్చే జోమ్‌సోమ్ 2,700. పోఖరా నుంచి జీపులో ఒక్క బిగిన ముక్తినాథ్ ఎక్కేస్తే ఆ రాత్రి తలనొప్పి, వాంతులు పట్టుకునే అవకాశం చాలా ఎక్కువ. అక్కడి గాలిలో దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. దారిలోనే ఉన్న మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో రెండు రాత్రులు పడుకుని, పగలు చుట్టుపక్కల తొక్కి, తర్వాత పైకి వెళ్లడం పద్ధతి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు ముందే డాక్టరును అడగాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు మౌంటెన్ బైకింగ్ అనే మాట, ఎంత ఎత్తు దాకా వర్తిస్తుంది, హెలికాప్టర్‌లో దించే ఖర్చు ఇస్తారా అన్న మూడూ పాలసీ కాగితంలో వేలు పెట్టి చూపించమనాలి. మామూలు టూరిస్టు పాలసీలు చాలా వాటిలో సాహస క్రీడలకు డబ్బు రాదు.

ఎత్తు టైర్లనూ వదలదు. పోఖరాలో కొట్టిన గాలి పైకి వెళ్లాక బిగుసుకుంటుంది, ఎందుకంటే బయటి గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. చలి కొంత సర్దినా, ముక్తినాథ్‌లో దిగడానికి ముందు ఒక్కసారి టైరు నొక్కి చూసి కాస్త గాలి వదిలేస్తే వదులు రాళ్ల మీద పట్టు దొరుకుతుంది.

దారులు రెండు రకాలు. గుడి కింద ఉన్న రాణీపౌవా నుంచి ఝార్‌కోట్, ఖింగర్ మీదుగా కాగ్‌బేని చేరేది తేలికైనది. రోడ్డూ, పాత కాలిబాటలూ కలగలిసి ఉంటాయి. రెండోది లూప్రా దారి. గట్టు ఎక్కి, సన్నటి కాలిబాట మీద బోన్ మతస్థుల పాత ఊరైన లూప్రాకు దిగి, నది ఇసుకలో కలుస్తుంది. పక్కన లోయ, కాలి కింద జారే రాళ్లు. గైడు లేకుండా, అనుభవం లేకుండా దాని జోలికి పోవడం మొండితనమే. ఏ దారిన దిగినా పొద్దున్నే దిగాలి. కాళీగండకి లోయలో పగటిపూట పది, పదకొండు గంటలకు దక్షిణం నుంచి గాలి లేస్తుంది. జోమ్‌సోమ్ విమానాలన్నీ పొద్దుటి పూటే ఎగరడానికి కారణం అదే. కాగ్‌బేని నుంచి జోమ్‌సోమ్‌కు వచ్చేవాళ్లకు ఆ గాలి ఎదురుగాలి. చదునైన దారిలో కూడా దిగి నెట్టుకోవాల్సి వస్తుంది, నోటి నిండా ఇసుక. ఈ లోయ ఉన్న అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతానికి పర్మిట్ తీసుకోవాలి, భారతీయులకు సార్క్ దేశాల వాళ్ల రేటు. కాగ్‌బేని దాటి ఉత్తరాన ఎగువ ముస్తాంగ్‌లోకి వెళ్లాలంటే మాత్రం విడిగా ప్రత్యేక అనుమతి ఉండాలి. దాని ఖర్చు వేరే స్థాయి. మొదటిసారికి వద్దు.

కాలం: అక్టోబరు, నవంబరు. లేదా మార్చి నుంచి మే. ముక్తినాథ్ ఉన్న ముస్తాంగ్ జిల్లా వానల నీడలో ఉన్నా, అక్కడికి చేర్చే రోడ్డు వానాకాలంలో కొండచరియలు విరిగి మూసుకుపోతుంటుంది.

ఈ లోయ పోటీలకూ పేరుపొందింది. 2007లో మొదలైన యాక్ అటాక్ అనే పోటీలో సైకిళ్లు 5,416 మీటర్ల థొరొంగ్ లా కనుమ దాటి ముక్తినాథ్ వైపు దిగేవి. నేపాల్ జాతీయ ఛాంపియన్‌గా నిలిచిన రాజేశ్ మగర్ చిన్నప్పుడు తుక్కు సామానుతో తన మొదటి సైకిల్ కట్టుకున్నాడు. 2018లో అతని మీద ఆర్‌జే రిప్పర్ అనే డాక్యుమెంటరీ వచ్చింది. ఖరీదైన సైకిల్ ఉంటే తప్ప కుదరదనుకునేవాళ్లు ఆ చిత్రం చూడొచ్చు.

సాధన సంగతి. ఆళ్లగడ్డ కుందూ లోయలో ఉంది, తూర్పున నల్లమల, పడమర ఎర్రమల. కొండలు కనిపిస్తున్నాయి కదా అని నల్లమల కాలిబాటల్లోకి సైకిల్ దించడం కుదరదు. అది పులుల అడవి, అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి పోవడం నేరం. ఉన్నంతలో దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి ఎక్కే ఎనిమిది కిలోమీటర్ల తారురోడ్డు ఎక్కుడుకు చక్కగా సరిపోతుంది. కె.సి. కాలువ గట్ల మట్టిదారులు చక్రం జారినప్పుడు సంభాళించుకోవడం నేర్పుతాయి. వాన పడ్డాక మాత్రం నల్లరేగడి టైరుకూ ఫ్రేముకూ మధ్య సిమెంటులా పట్టేస్తుంది, ఆ రోజు సెలవు. నంద్యాల, గిద్దలూరు ఘాట్ రోడ్డు అందంగా ఉంటుంది గానీ లారీల మధ్య సైకిల్ సాధన చేసే చోటు కాదు. సెప్టెంబరు నుంచి వారానికి మూడు పొద్దుటి పూటలు ఎగువ అహోబిలం ఎక్కి దిగితే నవంబరు నాటికి ముక్తినాథ్ దిగుడుకు కాళ్లు సిద్ధమవుతాయి. ఊపిరితిత్తుల సంగతి మాత్రం ఇక్కడ తేలదు, పైకి వెళ్లాకే.

మన దగ్గర మరో రకం యాత్రికులున్నారు. కొడుకో కూతురో కాలిఫోర్నియాలో ఉండి, ఆరు నెలలు ఉండటానికి వెళ్లే తల్లిదండ్రులు, వాళ్లతోపాటు వేసవికి వెళ్లే తమ్ముళ్లు. బే ఏరియాలో తెలుగు ఇళ్లకు గంట, గంటన్నర దూరంలో మారిన్ కౌంటీలోని టమల్‌పైస్ కొండ ఉంది. మౌంటెన్ బైక్ పుట్టింది అక్కడే. 1976 అక్టోబరులో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో ఆ పక్కనే ఒక దిగుడు మీద పందెం పెట్టుకున్నారు. పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకులవి, కిందికి చేరేసరికి గ్రీజంతా మాడి పొగైపోయేది, ప్రతిసారీ మళ్లీ నింపుకోవాల్సిందే. ఆ పందేనికి రీప్యాక్ అన్న పేరు అందుకే. వాళ్లలోని జో బ్రీజ్ 1977లో కొండల కోసమే ఫ్రేము చేశాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో మౌంటెన్‌బైక్స్ అన్న పేరుతోనే వ్యాపారం పెట్టారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి అది పతకాల క్రీడ.

విచిత్రమేమిటంటే, పుట్టిన ఆ కొండ మీదే సన్నటి కాలిబాటలు చాలావరకు ఏళ్ల తరబడి సైకిళ్లకు మూసి ఉన్నాయి. నడిచేవాళ్ల ఫిర్యాదులు, నేల కోత కారణం. నీటి సంస్థ అధీనంలోని అగ్నిమాపక మట్టిరోడ్ల మీద తొక్కొచ్చు గానీ గంటకు 15 మైళ్ల వేగం దాటకూడదు, మలుపుల్లో 5 మైళ్లు. అంటే మన లెక్కలో 24, 8 కిలోమీటర్లు. కాబట్టి అక్కడ సైకిల్ అద్దెకు తీసుకునేటప్పుడు ఆ వారం ఏ దారులు తెరిచి ఉన్నాయో కొట్టులోనే మ్యాపు మీద గీయించుకోవాలి, ముందు బ్రేకు ఎడమచేతి కింద ఉందని ఇంకోసారి చూసుకోవాలి.