వాకీటాకీ: బటన్ వదిలే ముందు ఒక్క క్షణం

చాలా ఏళ్ల క్రితం బాయిలర్ నిర్మాణస్థలంలో జరిగిన సంగతి ఇది. క్రేన్ ఆపరేటరుకు వాకీటాకీలో "ఎత్తొద్దు" అన్నాను. మాట పూర్తికాకముందే తొందరలో బటన్ వదిలాను. ఆయనకు "ఎత్తు" అనే వినిపించింది. బరువు పైకి లేచింది. క్రింద ఉన్న రిగ్గర్ ప్రక్కకు దూకి ప్రాణం దక్కించుకున్నాడు. సెట్టు సవ్యంగానే పనిచేసింది, తప్పు నాదే.

ఈ పరికరంలో ఒకరు మాట్లాడుతున్నప్పుడు తక్కినవారు వినవలసిందే. కనుక ఛానెల్ ఖాళీగా ఉన్నదో లేదో ముందుగా వినాలి. బటన్ నొక్కి, ఒక సెకను ఆగి, మైకును నోటికి సుమారు 5 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, మామూలు స్వరంతో మాట్లాడాలి. "ఓవర్" అన్న తరువాతనే బటన్ వదలాలి. తెలుగులో నిషేధం క్రియ చివర వస్తుంది. అందుచేత "ఎత్తొద్దు" కంటె "ఆపండి" అనడం క్షేమం. విన్నవారు ఆదేశాన్ని తిరిగి పలికి ధ్రువపరచాలి.

యాంటెన్నాను నిలువుగా ఉంచాలి. దానిని పట్టుకొని సెట్టును మోయరాదు. మండే వాయువులున్న చోట అందుకు ధ్రువీకరణ పొందిన సెట్లనే వాడాలి. అక్కడ బ్యాటరీ మార్చరాదు. విద్యుత్ డిటొనేటర్ల సమీపంలో ప్రసారం చేయరాదు.

బటన్ వదిలే ముందు, బరువు క్రింద పనిచేస్తున్న సోదరుణ్ణి ఒక్కసారి తలచుకుందాం.